పదకొండో సాక్షి

ఐదు లీటర్లు.
నీళ్ల క్యానుల పోసిన.
చిల్లర లేదంటే ఇరవై ఉంచుకో అన్నడు.
ఉంచుకున్న. మిర్చి తిన్న.

కాటేదాన్ దిక్కు ఆకాశం ఎర్రబడితే
ఎవరిదో బరాత్ అనుకున్న.

చెప్పులకు సోళ్లు అంటించే షెడ్డు.
బయటి నుంచి గొళ్లెం.
నఫీసా, ఆమె చెల్లె, ఒడిశా పిల్లగాళ్లు ముగ్గురు,
వాచ్‌మెన్ ఎల్లోజి,
ఇంకొకరు. ఆ ఒక్క పేరు తెలిసేసరికి
మూడు నెలలు పట్టింది.

నాలుగేండ్లు తిరిగిన నాంపల్లి కోర్టుకు.
వాయిదా, వాయిదా, జడ్జి బదిలీ, వాయిదా.
మెట్ల కింద చాయ్ పది నుంచి పదిహేనైంది.

రోజుకు ఎన్ని బండ్లు చూస్తవని అడిగిండు వకీలు.
ఆరు వందలు.
మరి ఒక్క మొఖం ఎట్ల యాదున్నది?
మొఖం కాదు సార్, బొటనవేలు.
గమ్ము ఎండి తెల్లగుండె.
క్యాను నిండేదాక గీరుకుంట నిలబడ్డడు.

అందరం బోను దిక్కు చూసినం.
పని పోయి నాలుగేండ్లాయె, వేలు మీద గమ్ము లేదు.
అయినా గీరుకుంటనే ఉన్నడు.

యావజ్జీవం అన్నరు.
ఫ్యాను చప్పుడుల సగమే ఇనపడ్డది.
నఫీసా నాయిన వరండాల నన్ను ఆపి
క్యాను ఏ రంగుదని అడిగిండు.
తెల్లది, అన్న.
తలూపి, చెప్పులేసుకుని పోయిండు.

ఆయనకు శిక్ష పడ్డది.
నాకు మల్ల నైట్ డ్యూటీ పడ్డది.

నిన్న వానల తడుసుకుంట ఒక పిల్లగాడు
ఆరాంఘర్ ఫ్లైఓవర్ మీద బండి ఆగిందని
సీసా పట్టుకొచ్చిండు.
పోయలేదు.
తిట్టుకుంట పోతుంటే
మూలమలుపు దాక చూసిన.