తొమ్మిది నిమిషాల దుమ్ము

గిద్యోనూ,
ఎట్లుందో చెప్పమన్నవు గదా, చెప్త.
నువ్వు పాటలెక్కించి ఇచ్చిన పెన్‌డ్రైవు
మూడు నెలలు రిగ్గు లారీల పడి ఉన్నది,
బీడీ కట్టకూ డీజిలు రసీదులకూ నడుమ.
మొన్న మర్రిగూడ అవతల
కంప్రెషర్ పైపు పగిలి, చండూరు మెకానిక్ కోసం
కూసున్న రాత్రి
మొత్తం ఇన్న. అరవై ఎనిమిది నిమిషాలు.
మధ్యల ఒక్కసారే దిగిన, మూత్రానికి.

భాష నాకు తెల్వది.
నువ్వు రాసిచ్చిన చీటీయే ఆధారం:
ఎండిపోయిన పట్నం, దూపతోటి ఒకడు,
ఏడు తలుపులు, ఆఖరి తలుపు అవతల నది,
నది ఒడ్డున ప్రభువు.
పది పాటలల్ల ఒకటే కథ.
మన ఏసుపాదం పాస్టరైతే ఇరవై నిమిషాలల్ల ఒడగొట్టి
కానుక సంచి గూడ తిప్పిస్తుండె.

మొదటిది నచ్చలే.
ఆర్గన్ మీది పిలగాడు
పెండ్లి బ్యాండుల కొత్తగ చేరినోని లెక్క
వచ్చిందంతా ఒక్క దమ్ముల చూపెట్టాలని ఉరుకుతడు.
రెండోదాంట్ల డ్రమ్ములాయన
ఏడు దెబ్బలు కొట్టి ఎనిమిదోది మింగుతడు.
గుడిల డోలు కొట్టేటోణ్ణి నేను.
ఆ మింగిన దెబ్బ కోసం
స్టీరింగు మీంచి చెయ్యి లేచి గాల్లనే ఆగింది,
చీకట్ల లేని మెట్టు మీద కాలేసినట్టు.
నాలుగుసార్లు పెట్టుకొని ఇన్న. ఇప్పుడొస్తది నాకు.
ఆదివారం కొడితే సలోమి చప్పట్లు తప్పి
నా దిక్కు గుర్రుగ చూసింది.

ఇగ ఐదోది.
తొమ్మిది నిమిషాలు ఏమీ గాదు, బోరు కొట్టిందన్నవు.
బోరు కొట్టుడు నీకేమెరుక గిద్యోనూ,
పంతొమ్మిదేండ్ల సంది నేను కొడుతున్న.

ఒకటే తీగ, ఒకటే దెబ్బ,
అదే, మళ్ల అదే. మాట లేదు.
రెండొందల అడుగులు: దుమ్ము.
మూడొందల అరవై: తెల్లటి దుమ్ము.
రైతు గట్టు మీద కూసొని పైపులు లెక్కపెడుతుంటడు,
పైపుకింతని మనసుల అప్పు కూడుకుంటుంటడు.
వాని పెండ్లాం టెంకాయ కొట్టిన జాగనే చూస్తుంటది.
దాన్నెవ్వరూ ప్రార్థన అనరు.
ఆ పాట కట్టినోళ్లు ఎక్కడ్నో
ఎండిన గుంత పక్కన నిలబడ్డోళ్లే.
లేకుంటే ఆరో నిమిషంల
దెబ్బ జరంత మెత్తబడి, తడేమో అనిపించి,
మళ్ల రాయి తగిలినట్టు గట్టిపడుడు
ఎవడు నేర్పిస్తడు?

ఆఖరుదానికి మాత్రం కోపమొచ్చింది.
నది దొరుకుతది. నలభై గొంతులు,
బూరలు, గంటలు.
వాడు వంగి తాగుతడు, లేస్తడు,
అయిపోయింది.
ఆ నీళ్లను సీసల పట్టి
పరీక్షకు పంపినోడు ఒక్కడు లేడు.

మా ఊళ్ల చేతిపంపుల నీళ్లు పడ్డనాడు గూడ
గుడి గంట కొట్టిన్రట.
మొదటి చెంబు ప్రార్థన చేసి
సంతోషమ్మ పెద్దమ్మకే ఇచ్చిన్రట, ఏడేండ్ల పిల్లకు.
తియ్యగున్నయి అన్నదట.
ఇప్పుడామె మోకాళ్లు మడతపడయి,
మెడ తిరగది.
ప్రార్థనప్పుడు అందరం తల వంచుతం.
ఆమెకు ఎత్తుడే చాతగాదు.

అబద్ధమని అంటలేను.
నది లేదని అసలే అంటలేను,
నీళ్లు పడతయన్న నమ్మకం మీద బతికేటోణ్ణి.
కని, ఆ తాగినోడు తాగినంక
జరసేపు ఆగాల్సింది.
గుటక దిగినంక లోపల ఏమైతదో
ఇంకో పాటంత సేపు చూడాల్సింది.
పదకొండోది లేదు. అదే నా కంప్లైంటు.

తెల్లారి మెకానిక్ వచ్చిండు.
నాలుగొందల ఎనభైల తడి తగిలింది.
పరీక్ష చేయించు పటేలా అనేలోపే
రైతు దోసిలి నోటికాడ ఉన్నది.

ఇంటికొచ్చి పెద్దమ్మకు ఐదోది పెట్టిన.
కండ్లు మూసుకొని సగం దాంక ఇన్నది.
వీళ్లకు గూడ ఇంకా పడలేదా బిడ్డా, అన్నది.
తర్వాత, జర సౌండు పెంచు,
చెవులు గూడ రాయైతున్నయి, అన్నది.