నలభై రెండు కోట్ల చిల్లర

చీమకుర్తిలో పొద్దున్నే నాకు శ్రుతి ఇచ్చేది
శ్రుతిపెట్టె కాదు, క్వారీలో కంప్రెషరు.
అదెప్పుడూ కాస్త హెచ్చుగానే ఉంటుంది,
డీజిలు నిండుగా పోసిన రోజు మరీను.
దానికి తగ్గట్టు సన్నాయి పీక నానబెట్టి
మొన్న చైత్రంలో ఒక వరస కట్టాను.
రాత్రి రెండింటికి దొరికింది.
ఎవ్వరిదీ కాదు, నాదే అనుకుని
చీకట్లో ఒక్కణ్ణీ నవ్వుకున్నాను.

తెల్లారి మేనత్త హుస్సేనమ్మకు వినిపించాను.
చింతపండు గింజ తీస్తా తీస్తా ఆగింది.
"ఇది మాదేరా అబ్బయ్యా.
టంగుటూరు పొగాకు కంపెనీలో
ఆకు గ్రేడింగు చేసేటప్పుడు
నలభైమందిమీ పాడేవాళ్ళం.
మేస్త్రీ కునుకు తీశాడంటే ఇదే.
నువ్వప్పుడు నా ఒళ్ళో ఉండేవాడివి,
తుమ్ముకుంటా."

అప్పుని ఆస్తి అనుకున్నానన్నమాట.

మేనల్లుడు దస్తగిరి, ఒంగోల్లో ఇంజనీరింగు,
ఫోను తీశాడు.
"మావా, స్వరస్థానాలు పన్నెండు.
ఎనిమిదక్షరాల ముక్క అనుకో, ఎన్ని రకాలుగా పేర్చొచ్చో తెలుసా?
నలభై రెండు కోట్ల తొంభై తొమ్మిది లక్షల
ఎనభై ఒక్క వేల ఆరు వందల తొంభై ఆరు!"
డోలు మౌలాలి నోరు తెరిచాడు.
నాకు మాత్రం ఆ చివరి ఆరు దగ్గర
చల్లగా ఏదో తగిలింది.
ఎంత పెద్దదైతేనేం, దానికీ
ఒకట్ల స్థానం ఉంది.

కొండా తరగదనే అన్నారు.
ఆ మాట మీదే మా నాయన సుత్తి పట్టాడు.
నల్లరాయి, లోపల చుక్కలు,
అమాస ఆకాశాన్ని కోసి లారీకెత్తినట్టుండేది.
ఇప్పుడు కొండ ఉన్న చోట గొయ్యి,
గొయ్యిలో పచ్చనీళ్ళు.
రాయేమో ఏ దేశంలోనో ఎవరి వంటింట్లోనో
ఉల్లిపాయలు కోయించుకుంటోంది.

నెల పైన కొత్తదేదీ కట్టలేదు.
సంతనూతలపాడులో తాళి, పొదిలిలో ఊరేగింపు,
పాతవే వాయించాను.
కొత్తదేదని ఎవరూ అడగలేదు.
అదీ కొంచెం గుచ్చుకుంది.

రోహిణి కార్తెకి పీక ఎండి పగిలింది.
కొత్త పీక మొండిది.
అత్త వరస వాయిస్తుంటే
గాంధారం ఎక్కాల్సిన చోటికి ఎక్కక
జారి, మెట్టుకీ మెట్టుకీ నడుమ కూలబడింది.
తప్పే. సర్దుకోబోయాను.
అత్త చెయ్యి మళ్ళీ ఆగింది.
"అక్కడ మేం దగ్గేవాళ్ళం."
"ఏంది?"
"ఘాటుకి. సరిగ్గా ఆడికొచ్చేసరికి పాట విరిగేది.
తర్వాత ఎవరికి అందిన చోట వాళ్ళం
ఎత్తుకునేవాళ్ళం."

ఒరే దస్తగిరీ, అన్నాను,
నలభైమంది దగ్గుని ఏ గడిలో వేస్తావు?
"అది లెక్కలోకి రాదు మావా."
రాదన్నందుకు సంబరపడాలో,
రేపెవరో దాన్నీ లెక్కకడతారని దిగులుపడాలో
నాకింకా తేలలేదు.

టిఫిను వేళ. కంప్రెషరు ఆగింది.
శ్రుతి లేకుండానే
ఆ విరిగే చోటు దాకా వాయించి, నిలిపి,
అత్త వైపు చూశాను, ఎత్తుకుంటుందేమోనని.
ఎత్తుకోలేదు.
గింజ పక్కన పడేసి
"ఇంకాసేపు జార్చు" అంది.