కాటా కాడ నగువు

జూన్ నెల. గుడిపాల రోడ్డు మీద
తోతాపురి లారీలు బారులు తీరినాయి.
నాది వేబ్రిడ్జి గదిలో రాత్రి డ్యూటీ.
చేతిలో, గిరింపేట పాత పేపర్ల అంగట్లో
కిలో లెక్కన కొన్న ఇంగ్లీషు నవల.

కాలేజీలో చదివిన లావు నవలలు వేరే.
ఒక ఉత్తరం చేరడానికి అరవై పేజీలు,
ఒక పిల్ల ఔననడానికి రెండు చలికాలాలు.
పరీక్షకని, డిక్షనరీ పక్కన పెట్టుకుని
బెత్తం కింద కూర్చున్నట్టు చదివినాను.
వాటిలోనూ నగువుందని ఎవరూ చెప్పలేదు.
నలభై దాటినాక మళ్ళీ తెరిస్తే
ఆ ముసలి కల్నలు గొప్పల్లో
మా హెడ్ క్లర్కు వరదరాజులు కనబడినాడు.

ఈ రాత్రిది ఉత్త హాస్యం.
పెళ్ళి తప్పించుకోబోయి ఒక దొర
ఆంటీ టోపీ మీద కూర్చుంటాడు.
అంతే. కుర్చీ కిర్రుమనేలా నవ్వినాను.
కిటికీలో డ్రైవర్ మునెప్ప తల:
"ఏంది నా, ఒక్కడివే నగతా ఉండావు?
మాకూ చెప్పరాదా!"

చెప్పినాను. దొర, ఆంటీ, టోపీ.
"మేనత్తా? పెద్దమ్మా?" అన్నాడు.
పుస్తకంలో అది లేదు.
లారీ దించేటప్పుడు కమిలిన కాయలాగా
నా చేతిలోనే మెత్తబడింది జోకు.

మునెప్ప మర్యాదకి తలాడించి,
"మా మేనత్త ఒకతూరి బంగారుపాళెం సంతలో
కోడిపుంజును కొని, సంచీలో పెట్టుకుని
అట్నే సినిమాకి పోయింది నా..."
ఇంటర్వెల్ రాకముందే వెనక హారన్లు.

ఇరవై కిలోలకు తక్కువైతే మా కాటా కదలదు.
పుస్తకం పెట్టి చూసినా ఒకసారి: సున్నా.
రసీదు వెనక రాసుకున్నాను, మరిచిపోకుండా:
మేనత్త. పుంజు. సినిమా.
మళ్ళీ లోడు తెచ్చినప్పుడు అడగాలి,
కూసిందా లేదా అని.