తొమ్మిదో టేకు

నాకిచ్చిన వేషానికి పేరు లేదు.
కాగితంలో "దారినపోయే ముసలాయన" అని ఉంది, అంతే.
చెయ్యాల్సిన పనీ ఒక్కటే:
ఓరిన్ కెట్టునెన్ కరపత్రం చాపుతాడు,
నేను చేతులు జేబుల్లో పెట్టుకుని
ముఖం చాటేసి వెళ్ళిపోవాలి.

రోజుకి నూట ఇరవై డాలర్లు. మధ్యాహ్నం సూపు.

డులూత్‌లో జూన్ నెల.
వీధి నిండా సబ్బునురగతో చేసిన నవంబరు.
మూతబడ్డ చెప్పుల కొట్టుకి
కొత్తగా పాత బోర్డు తగిలించారు.
సరస్సు మీది గాలి మాత్రం అద్దెకి తెచ్చింది కాదు,
అప్పటిదే,
కాలరు సందున దూరి ఎముకని పలకరిస్తోంది.

ఓరిన్‌గా వేసిన కుర్రాడు బాగున్నాడు. మరీ బాగున్నాడు.
అసలువాడికి ముందు పన్ను విరిగి ఉండేది,
నవ్వొస్తే పై పెదవి దించి కప్పుకునేవాడు.
బళ్ళో లెక్కలు చెప్పే ఉద్యోగం ఊడగొట్టాక
మా ఖనిజం రేవులో తూకాలు రాసేవాడు.
ఎర్రదుమ్ము అందరి మీదా ఒక్కలాగే పడే చోటది.
నగరసభకి నిలబడ్డ రోజు, ఉప్పు బస్తా ఎక్కి,
మైకు లేకుండా అన్నాడు:
"నేను మగవాణ్ణి ప్రేమించే మగవాణ్ణి.
మీ వీధిలో మంచు ఎత్తించడం కూడా వచ్చు నాకు."

మంచు సంగతి సినిమాలో తీసేశారు.
డైలాగు పొడుగైపోయిందట.

మొదటి టేకు.
కరపత్రం నా ముందుకొచ్చింది. ఆకుపచ్చ కాగితం.
ఎవరో బాగా వెతికి పట్టుకున్నారు ఆ రంగు.
నా చెయ్యి జేబులోంచి బయటికొచ్చి
దాన్ని అందుకుంది.

కట్.
"తీసుకోకూడదు సార్" అన్నాడు అసిస్టెంటు, మర్యాదగానే.

రెండు. తీసుకున్నాను.
మూడు. తీసుకుని థాంక్స్ కూడా చెప్పాను.
నాలుగోసారికి డైరెక్టరమ్మే వచ్చి
"మీ కాలంలో అలాంటివాళ్ళు ఉండేవాళ్ళు కదా,
ఒకణ్ణి తలుచుకోండి" అంది.

తలుచుకున్నాను.

వాడు ముసలివాడు కాదమ్మా.
ఇరవయ్యారేళ్ళవాడు.
ముందు రాత్రే, వంతెన అవతలి ఊళ్ళో,
బోర్డు లేని బారులో,
ఒక నావికుడి భుజమ్మీద తలపెట్టి ఏడ్చినవాడు.
పొద్దున ఇదే మూల మీద
వెనక మూడడుగుల్లో ఫోర్‌మన్ హోల్మ్‌క్విస్ట్ బూట్ల చప్పుడు.
ఎదురుగా ఓరిన్.
"టోయ్‌వో" అనబోయాడు. ట అనే అక్షరం దాకా వచ్చి
నా కళ్ళు చూసి
పేరు మింగేశాడు.
"కాస్త చదవండి సార్" అన్నాడు,
ఎన్నడూ నన్ను ఎరగనట్టు.

అంత బాగా నటించినవాణ్ణి నేను మళ్ళీ చూళ్ళేదు.

ఆ ఏడు పదకొండు ఓట్లతో పోయాడు.
రెండేళ్ళకి గెలిచాడు, సినిమా ఆ గెలుపుతో అయిపోతుంది.
రెండోసారైనా ఓటేశావా అని నన్నెవరూ అడగలేదు.
వేశాను. వేసి, చూసినవాళ్ళెవరైనా ఉన్నారేమోనని
చుట్టూ చూశాను.

ఐదు, ఆరు, ఏడు.
ఎనిమిదో దానికి లైట్లవాడు బాహాటంగానే తిట్టాడు.

తొమ్మిదో టేకులో నన్ను తప్పించి
సూపు బల్ల దగ్గరున్న ఒక పిల్లాణ్ణి పెట్టారు.
వాడికి ఇరవయ్యారో ఇరవయ్యేడో.
చేతులు జేబుల్లోకి
ఎంత తేలిగ్గా వెళ్ళిపోయాయో!
ఒక్క దెబ్బకి ఓకే.
"బాగా చేశానా తాతా?" అని వచ్చి అడిగాడు.
అచ్చం అలాగే, అన్నాను.

సాయంత్రం కోటూ టోపీ అప్పగించాను.
సామాన్ల పిల్ల కరపత్రాలు లెక్కపెట్టుకుంటోంది.
"మీ దగ్గర ఎనిమిది ఉండాలి, ఏడే ఉన్నాయే?"

చేతులు జేబుల్లో పెట్టుకుని
ముఖం చాటేసి
వెళ్ళిపోయాను.