గుయ్యిమనే దిక్కు

కత్తులకు సాన పట్టే షెడ్డు మీద
ఇరుకు మెట్లెక్కితే వినిఫ్రెడ్ హాటర్స్‌లీ దుకాణం.
షెఫీల్డ్‌లో వాన పడుతోందని చెప్పడమంటే
నీళ్లు తడిగా ఉన్నాయని చెప్పడమే.
గిటార్‌ని నల్ల చెత్తసంచిలో చుట్టి తెచ్చాను,
దాని కవరు జిప్పు మొన్న ట్రామ్‌లో ఊడిపోయింది.

బ్రిడ్జి పక్క పికప్ చచ్చిపోయిందన్నాను.
మీటరు ముళ్లు రెండూ ఆనించి చూసి
"చావలేదు. లోపలెక్కడో తీగ తెగింది.
మళ్లీ చుట్టొచ్చు. లేదా కొత్తది వేసుకో" అంది.

ఆకుపచ్చ గుడ్డ మీద మూడు పెట్టింది.
సన్నగా, ఆరు అయస్కాంతపు బొడిపెలతో ఒంటి చుట్టది.
సబ్బు బిళ్లలా లావుపాటిది ఇంకోటి.
మూడోది జంట చుట్టలది,
ఒకటి అటూ ఒకటి ఇటూ తిరిగి ఉంటాయి కాబట్టి
కరెంటు రొద రెండింటి మధ్యా పడి
ఊపిరాడక పోతుందట.

"ఎలాంటి శబ్దం కావాలి నీకు?"

ఇక్కడే వచ్చింది చిక్కు.
ఆమె దగ్గర మాటలున్నాయి: వెచ్చన, గాజు, బురద, తేనె.
నా దగ్గరా ఉన్నాయి, ఆమెకు అక్కరకు రానివి.
జీర అని ఎలా చెప్పను?
జలుబు తగ్గిన మూడో రోజు గొంతులో మిగిలేది.
ఖంగుమనాలి, కానీ
కంచం కింద పడినప్పటి ఖంగు కాదు.
పడ్డాక గిరగిరా తిరిగి
ఇక ఆగబోతూ నేలతో ఏదో గొణుగుతుందే, అది.
ఇంగ్లీషులో ఇంతే అనగలిగాను:
"కొంచెం గరుకుగా."

సొరుగు లాగి గరుకు కాగితాలు తీసింది.
ఎనభై, నూట ఇరవై, రెండు వందల నలభై, నాలుగు వందలు.
"కళ్లు మూసుకుని వేలితో చూడు. ఏ గరుకు?"
రెండు వందల నలభై దగ్గర నా వేలు ఆగింది.
పెన్సిల్‌తో దాని వెనక నా పేరు రాసుకుంది,
స్పెల్లింగు తప్పు.

పగలు ఆసుపత్రిలో నా పని
పెద్ద అయస్కాంతం గదిలోకి పంపే ముందు
మనుషుల చేత ఉంగరాలు, పిన్నులు, బెల్టులు తీయించడం.
రోజంతా ఇనుమునూ అయస్కాంతాన్నీ ఎడంగా ఉంచి
రాత్రి ఇంటికొచ్చి ఆ రెంటినీ
రెండు మిల్లీమీటర్ల దూరంలో కూర్చోబెట్టి వింటాను.

"జంట చుట్టలది తీసుకో. ఏ దిక్కుకు తిరిగి వాయించినా
కిక్కురుమనదు" అంది వినిఫ్రెడ్.

దిక్కు.
నాలుగేళ్లుగా నా గదిలో ఒకే వైపు తిరిగి వాయిస్తున్నాను,
ఈశాన్యానికి కాస్త ఎడమగా.
అక్కడైతే గుయ్యిమనే రొద అణుగుతుంది.
గిటార్‌కి కూడా వాస్తా, అని తబిత పడీ పడీ నవ్వేది.
అటు తిరిగితే ఎదురింటి వంటగది కిటికీ.
ఒక పెద్దాయన గిన్నెలు కడుగుతుంటాడు.
కడిగినదాన్ని దీపానికెత్తి చూసి, నచ్చక, మళ్లీ కడుగుతాడు.
తొమ్మిదీ నలభైకి లైటు తీసేస్తాడు,
నేనూ ఆంప్ కట్టేస్తాను.
ఆయన పేరు నాకు తెలీదు.

ఏ దిక్కుకైనా తిరగొచ్చంటే
మిగతా మూడు వైపులా ఉన్నవి బీరువా, తలుపు, గోడ.

"పాతదాన్నే చుట్టండి" అన్నాను.
"గోల పెడుతుంది."
"తెలుసు."

వెంట్రుక కంటే సన్నని రాగి తీగ,
ఎనిమిది వేల చుట్లు.
అయిదు వేలు దాటాక ఫోను మోగింది,
మోగీ మోగీ ఊరుకుంది.
ట్రాన్స్‌ఫార్మర్ల ఫ్యాక్టరీలో పందొమ్మిదేళ్లు చుట్టిందట.
"అప్పుడు చెయ్యి కాస్త వంకరపోతే జీతం కోసేవాళ్లు.
ఇప్పుడు ఆ వంకర కోసమే మెట్లెక్కి వస్తున్నారు" అని
నవ్వలేదు, తీగ తెగుతుందని.

శుక్రవారం రాత్రి ప్లగ్గు పెట్టాను.
గుయ్.
కుర్చీ తిప్పాను. అణిగింది.
ఆయన ఒక మూకుడుతో కుస్తీ పడుతున్నాడు.
మూడో తీగ మీటాను.
జీర ఉంది.
రెండు వందల నలభై కాదు గానీ,
నూట ఎనభై ఉండొచ్చు.