లక్షకు రెండా, ముప్పైమూడా

ఇరవై ఒక్క తీగ అంటించాను ఆమె తలకి,
దువ్వెన మొనతో పాయలు విడదీసి, తెల్ల జిగురు పెట్టి.
పావగడ గంగరత్న. బొమ్మనహళ్ళిలో కాలర్లు కుట్టే మనిషి.
"అక్కా, జుట్టు ఊడదు కదా?"
అదొక్కటే అడిగింది.

మూడో రాత్రి, రెండూ నలభై.
మంచం కడ్డీలు గలగలమన్నాయి.
కళ్ళు గట్టిగా మూసుకునే ఉంది,
నడుము విల్లులా లేచింది, చేతులు ఎవరినో తోసేస్తున్నాయి.
తెర మీద కండరాల గీతలు గాలికి గడ్డివాములా చెదిరాయి;
వాటి సందుల్లోంచి మెదడు గీత మాత్రం
డిపోలో ఆపిన బస్సులో స్టీరింగు ముందు
ఊరికే కూర్చున్న డ్రైవరులా
తన పాటికి తాను.

పొద్దున డాక్టరుగారు చెప్పారు: ఇది మూర్ఛ కాదు,
ఆ మాత్రలు మెల్లగా ఆపేద్దాం.
"అయితే నాటకమా?" అన్నాడు భర్త,
ఆరేళ్ళ మందుల చీటీలున్న సంచి ఒళ్ళో పెట్టుకుని.
కాదు, అన్నారాయన. మూడుసార్లు అన్నారు.
మూడోసారికి అతని చూపు కిటికీ దాటిపోయింది,
హోసూరు రోడ్డు మీద లారీలు లెక్కపెడుతున్నట్టు.

నాకూ ఆ వేళ లెక్కల మీదే ధ్యాస.
క్యాంటీన్లో పీజీ కుర్రాడు చెప్పాడు,
ఇట్లాంటివాళ్ళు జనంలో ఎందరో
గడప గడపకీ వెళ్ళి చూసినవాళ్ళు లేరట.
అంచనాలే. లక్షకు రెండు నుంచి ముప్పైమూడు.
రెండు నుంచి ముప్పైమూడు!
కందిపప్పు ధర అట్లా చెబితే కొట్టువాణ్ణి ఊరుకుంటామా?
సులువుకి ఈ ఊరిని కోటి అనుకున్నాను.
రెండు వందలు. లేదా మూడు వేల మూడు వందలు.
మధ్యలో మిగిలిన మూడు వేల వంద మంది
మెట్రో ఎక్కితే ఒక్క రైలు చాలదు.

వాళ్ళలో మా మేనత్త ఉంటుందా?
చేతిలో తాళాలగుత్తి, ముక్కు దగ్గర ఉల్లిపాయ,
అదే ఆమె వార్డు, అదే ఆమె పరీక్ష.
ఆమె పడ్డ ప్రతిసారీ ఇంట్లో మగవాళ్ళ గొంతులు తగ్గేవి,
అది మాత్రం మాకందరికీ తెలుసు.
కెమెరా ముందు పడ్డవాళ్ళనే కదా ఎంచేది.
వంటింట్లో, బస్టాపులో, కుట్టుమిషన్ల మధ్య పడ్డవాళ్ళు
ఏ లక్షలోకి వస్తారు?

సాయంత్రం గోరువెచ్చని నీళ్ళతో జిగురు కడుగుతున్నాను.
తల వంచుకునే అడిగింది గంగరత్న:
"నా మాదిరి ఇంకెవురన్నా ఉండారా అక్కా?"
ఉన్నారన్నాను.
ఎంతమందంది. చెప్పాను.

కాసేపు నీళ్ళ చప్పుడే.

"రెండుకీ ముప్పైమూడుకీ ఇంత తేడానా?
మా లైన్లో గంటకి తొంభై కాలర్లు.
ఒగటి తక్కువొస్తే బెల్లు కొట్టినా పంపరు,
మళ్ళీ ఎంచమంటారు."

చెవి వెనక ఇంకో జిగురు ఉండ తగిలింది.
వేలితో చిదిపి,
మళ్ళీ నీళ్ళు పోశాను.