తల తిప్పుకోవడం

అమలాపురం గడియారస్తంభం వెనక వీధిలో
బట్టల కొట్లో మూడో కౌంటరు నాది.
బిల్లు చించడం, కార్డు గీయడం, సంచీ అందించడం.
వీటి మధ్య
ఎవరూ నేర్పని పని ఇంకొకటుంది:
ఎదుటి మనిషి నాలుగంకెలు నొక్కుతుంటే
తల పక్కకి తిప్పుకోవడం.

తిప్పుకుని ఏం చూస్తాను?
బొమ్మకి కట్టిన ఉప్పాడ చీర కుచ్చిళ్లు.
ట్యూబులైటు వెనక బల్లి.
ఒక్కోసారి అద్దంలో నన్నే.
నాలుగంకెలకి ఎంతసేపు పడుతుందో
నన్నడగండి:
పడుచువాళ్లకి రెప్పపాటు,
కళ్లజోడు మర్చిపోయి వచ్చిన మేష్టార్లకి
కోటిపల్లి రేవులో పంటు కదిలేంత సేపు.

ఆ వేళ పల్లాలమ్మ పిన్ని వచ్చింది,
ఓడలరేవు నుంచి ఎండుచేపల గంప దించి,
ఆ ఉప్పువాసనతోనే.
మనవరాలి ఓణీలకి పట్టుపరికిణీ బేరమాడి బేరమాడి తీసింది.
డ్వాక్రా లీడరని బ్యాంకువాళ్లిచ్చిన క్రెడిట్ కార్డు
బొడ్డుసంచిలోంచి పైకొచ్చింది,
రెండు వక్కలతో, సగం కాల్చిన చుట్టతో కలిసి.

"నొక్కడం నాకు రాదే సత్యవేణీ, నువ్వే నొక్కు" అని
రేవులో చేపల పాట పెట్టినట్టు
గొంతెత్తింది:
"ఒకటీ... తొమ్మిదీ..."

వరసలో పదకొండు మంది.
చంటిపిల్ల కూడా ఏడుపాపి విన్నది.
కౌంటరు మీదనుంచి వంగి
ఆవిడ నోరు మూసేశాను.

"నోరు మూస్తావేంటే, నేనేం దొంగనా?"
షావుకారు సుబ్బరత్నం గారు గల్లాపెట్టె దగ్గర లేచి నుంచున్నారు.
ఇంటి గుట్టు లంకకి చేటంటారు.
మాదీ లంకే కదండీ.

ధనరాజు సంగతి చెబుదామనుకున్నాను, నోరు రాలేదు.
పోయిన దసరా దాకా నా పక్క కౌంటరు.
మంచి నవ్వు. ముసలాళ్లకి సంచులు ఆటోదాకా మోసేవాడు.
కార్డు చేతికి రాగానే
పెన్ను పడిందని బల్లకిందకి వంగేవాడు.
అక్కడుంది అగ్గిపెట్టెంత మిషను.
ముమ్మిడివరం టీచరు గారి కార్డు మీద
ఆవిడ పేరైనా వినని ఊళ్లో
ఎవరో రెండు టీవీలు కొన్నాక గానీ బయటపడలేదు.

రోజుకి ఎన్నిసార్లు పడుతుంది ఒక మనిషి పెన్ను?
నాకు అనుమానమే రాలేదు.
నేను తల తిప్పుకునే ఉన్నాను కదా,
మర్యాదగా.
కంచే చేను మేసిందన్నారు ఊరంతా.
ఆ కంచెలో గుంజని నేను.

అప్పట్నుంచి తిప్పడం మార్చాను.
అంకెల నుంచి పక్కకి తిప్పుతాను,
కార్డు మీదకి మళ్లీ తెస్తాను.
అది మనిషి కళ్లెదుటే ఉండాలి, బల్లపైనే.
కొత్త కుర్రాడి పెన్నుకి పురికొస కట్టి
బల్లకి ముడేశాను.
వాడికి కోపం. ఉండనీ.

పిన్ని వేలు పట్టుకుని మీటలు చూపించాను.
"రెండో చెయ్యి ఇలా అడ్డం పెట్టు,
గాలికి దీపం ఆరిపోకుండా పెట్టవూ, అలా."
పెట్టింది. గూడులా, చేపపొలుసు అంటిన ఆ చెయ్యి.
నేను కుచ్చిళ్ల వైపు తిరిగాను.

కానీ ఒకటీ తొమ్మిదీ విన్నాక
మిగతా రెండూ తెలియనిదెవరికి కోనసీమలో?
తొంభై ఆరు.
ఆ దీపావళికి మా వైపు దీపాలు లేవు.
సముద్రం మీదున్న ఆవిడ మొగుడు
ఇప్పటికీ రాలేదు.

"పిన్నీ, ఆ అంకె మార్చెయ్."
"మార్చితే మర్చిపోతానే" అంది.
కాసేపాగి
"అంకెని కాదులే" అంది.
పరికిణీ సంచీ చంకన పెట్టుకుని వెళ్లిపోయింది,
చిల్లర కబుర్లేమీ చెప్పకుండా.

పది రోజులకి మళ్లీ వచ్చింది, మ్యాచింగు జాకెట్టుకి.
"మార్చేశానే! బ్యాంకులో పిల్ల దగ్గరుండి మార్పించింది.
ఇప్పుడేం పెట్టానో తెలుసా..."
అని నోరు తెరిచి,
వెనక వరసని చూసి,
తన చెయ్యి తనే
నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను బల్లిని చూశాను.
అది ఎప్పుడో వెళ్లిపోయింది.
అయినా అక్కడే చూస్తూ నుంచున్నాను,
మిషను కూత పెట్టేదాకా.